రెండు చెవులకు రెండు కుక్కలు

ఎవరిస్తో లుసేరో కుడి చెవిని దిండుకు అదిమి పడుకునేవాడు. అలా పడుకుంటే పక్కనే ఉన్న దొడ్డిలో నలభై కుక్కలు ఒక్కసారిగా మొరిగినా ఆయనకు నిద్ర చెడేది కాదు. భార్య దెల్ఫినా ఆయన్ని లేపాలనుకుంటే పిలిచేది కాదు, భుజం తట్టేది. ఎందుకలా అని పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గరైనా, బండిలోనైనా, చర్చిలోనైనా ఆమె ఆయనకు కుడిపక్కనే కూర్చునేది. కొన్ని సంసారాల్లో కొన్ని సంగతులు ఇలాగే మాటల్లోకి రాకుండా, కుర్చీల్లా పెట్టెల్లా ఇంటి సామానులో ఒకటైపోతాయి.

ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఎడమ చెవిని తీసుకుపోయాయి. తల్లికి తెలుసు. ఆమె ఎప్పుడో పోయింది. ఒక చెవి పోయినవాడు సగం చెవిటివాడని లోకం అనుకుంటుంది గానీ అది పొరపాటు. వాడికి దాదాపు అన్నీ వినబడతాయి. పోయేది దిక్కు. ఎవరో పిలిచారని తెలుస్తుంది, ఎటునుంచో తెలియదు. శబ్దమంతా తల లోపలే పుట్టినట్టుంటుంది. రెండు కళ్ళు కలిసి దూరాన్ని కొలిచినట్టే రెండు చెవులు కలిసి దిక్కును కొలుస్తాయని పుస్తకాల్లో రాశారు. ఎవరిస్తో ఆ పుస్తకాలు చదవలేదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే కుడివైపు తిరిగేవాడు. అక్కడ మనిషి లేకపోతే తిరుగుతూనే పోయి, చుట్టు పూర్తిచేసి, పిలిచినవాణ్ణి కళ్ళతో పట్టుకునేవాడు.

"లుసేరో మళ్ళీ టాంగో డాన్సు మొదలెట్టాడ్రోయ్!" అని సారాకొట్టు ముందు నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఊళ్ళో ఐతే నవ్వుతో సరిపెట్టుకోవచ్చు. లా పంపా ముళ్ళడవిలోకి కత్తి పట్టుకుని పందుల వేటకు పోయేవాడికి దిక్కు తెలియకపోతే నవ్వులాట కాదు. ఆ అడవిలో కాల్దేన్ చెట్ల కింద పొద మీద పొద అల్లుకుని ఉంటుంది. పది అడుగుల అవతల గుర్రం నిలబడినా కనిపించదు. అక్కడ కళ్ళు చేసే పని తక్కువ. ముందుగా వెతికే కుక్కలు పోతాయి. సన్నటివి, పొడుగు కాళ్ళవి, ఏ జాతివని ఎవరూ అడగనివి. పంది దొరికితే అవి మీద పడవు. చుట్టూ నిలబడి మొరుగుతాయి. ఆ మొరుగుడు ఎటో విని పట్టే కుక్కల్ని వదులుతారు, రెండిటిని. ఒకటి ఈ చెవి, ఒకటి ఆ చెవి పట్టుకుంటే పంది తల మేకు కొట్టినట్టు నిలుస్తుంది. అప్పుడు మనిషి వెనకనుంచి వెళ్ళి ముందుకాలి వెనక కత్తి దింపుతాడు. తుపాకీ వాడరు, కుక్కలకు తగులుతుంది. రెండు చెవులకు రెండు కుక్కలు ఉండి తీరాలి. ఒక్క చెవే దొరికితే పంది ఆ కుక్కను ఇరుసు చేసుకుని గిర్రున తిరుగుతుంది. దాని కోర తిరిగినంత మేరా ఏముంటే అది తెగుతుంది.

ఆ ఊరి జట్టులో ముగ్గురు. వెతికే కుక్కలు కోన్రాదో వైగెల్‌వి. గోధుమ పండించే జర్మనుల సంతతి, ఎర్రటి మెడ, మాట్లాడితే తలుపు వేసినట్టుండేది. ఆయనే నాయకుడు. రెండోవాడు తిబూర్సియో, దెల్ఫినా తమ్ముడు, ఎవరిస్తోకి బావమరిది. మూడోవాడు ఎవరిస్తో. అంతకుముందు సోయిలో అనే ముసలాయన ఉండేవాడు. ఒక శీతకాలం మొరుగుడు ఎటో పోల్చుకోలేక పంది మూతికి ఎదురుగా వచ్చాడు. ఆయన బతికాడు గానీ ఒక కుక్క పేగులు బయటపడ్డాయి. కోన్రాదో ముసలాయన నడుము నుంచి కత్తి తీసి బండి ముందు రేకు మీద పెట్టాడు.

"ఇక ఇంట్లో చలి కాచుకో పెద్దాయనా. చెవులు లేనోడికి అడవిలో పని లేదు."

ఆ తరవాత సోయిలో సారాకొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. వేట కబుర్లు ఆయన తల మీదుగా అటూ ఇటూ పోయేవి, ఒక్కరూ ఆయన వైపు చూసేవాళ్ళు కారు. మరుసటి శీతకాలానికి పోయాడు. జబ్బేమీ లేదు. శవపెట్టె మోసినవాళ్ళలో ఎవరిస్తో ఒకడు. మోస్తూ, తన సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియకూడదని గట్టిగా అనుకున్నాడు. అడవిలో ఎప్పుడూ తిబూర్సియో వెనకే నడిచేవాడు. వాడు ఎటు తిరిగితే అటు తిరిగేవాడు. తిబూర్సియో వీపే ఆయనకు ఎడమ చెవి.

బతుకుతెరువు మాత్రం వేట కాదు, దోన్యా ఎర్సీలియా కుక్కల దొడ్డిలో పని. ఆమె భర్త పందుల కోసం పెంచిన తెల్ల కుక్కల్ని, ఆయన పోయాక ఆమె పతకాల కోసం పెంచింది. తెలుపు మీద మనిషికి ఉన్న పిచ్చి చాలా పాతది. రాజులు తెల్ల ఏనుగుల కోసం యుద్ధాలు చేశారు, పూజారులు మచ్చలేని ఎద్దుల్ని వెతికి వెతికి బలిచ్చారు. మచ్చలేనిదాన్ని చూస్తే మనిషికి తన లోపలేదో కడుక్కున్నట్టుంటుంది కాబోలు. దోన్యా ఎర్సీలియా దగ్గర ఆ జాతి ఎలా ఉండాలో రాసిన నాలుగు పుటల కాగితం గాజు అద్దం వెనక గోడకు వేలాడేది. భుజం ఎత్తు, పళ్ళ వరస, తోక పొడుగు, ముక్కు నలుపు, అన్నీ అంగుళాల్లో ఉండేవి. వేట అనే మాట మొదటి వాక్యంలో ఒకసారి వచ్చి మళ్ళీ కనిపించేది కాదు. కంటి దగ్గర చిన్న మచ్చ ఒకటుంటే కాగితం క్షమించేది. ఆమె క్షమించేది కాదు.

అందుచేత ప్రతి ఈతలో మచ్చలతో పుట్టిన పిల్లలు ఎవరిస్తో చేతిలోని బకెట్ నీళ్ళలోకి పోయేవి. కళ్ళు తెరవకముందే చేసేవాడు. చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, మాతే ఆకు టీ కాచుకునేవాడు. పద్దెనిమిదేళ్ళు చేశాడు. మిగిలిన తెల్ల పిల్లలకు నెల దాటాక చెవుల పరీక్ష ఉండేది. వెనకగా వెళ్ళి మేకుతో రేకు డబ్బా మీద కొట్టేవాడు. ఉలిక్కిపడనిది రెండు చెవులూ లేనిది. దానికీ బకెట్టే. ఈ డబ్బా వల్లే ఊరివాళ్ళు ఆయనకు 'డబ్బా' అని పేరు పెట్టారు. డబ్బా లుసేరో చెవులు బాగున్నాయంటే నాలుగు జిల్లాల్లో మారుమాట ఉండేది కాదు. ఆయనకు మటుకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఒళ్ళు ఎంత తెల్లగా ఉంటే చెవులు అంతగా పోతున్నాయి. బకెట్‌లోకి పోయిన మచ్చల పిల్లలకే చెవులు బాగుండేవేమో.

ఆ ఈతల్లో ఒకదాంట్లో మరిస్కాల్ పాలమీగడ లాగా పుట్టాడు. ఒంటి మీద వెతికినా నల్ల వెంట్రుక లేదు. డబ్బా కొడితే ఉలిక్కిపడ్డాడు. పాసయ్యాడు. వారం తరవాత ఒక మధ్యాహ్నం ఎవరిస్తో పక్క గూడు తలుపు మరమ్మతు చేస్తూ సుత్తి దెబ్బలు వేస్తున్నాడు. పిల్లలన్నీ లేచి గంతులేశాయి. మరిస్కాల్ లేవలేదు. కుడి చెవి గడ్డిలో అదిమి పడుకుని ఉన్నాడు. ఎవరిస్తో దగ్గరికి వెళ్ళి వాణ్ణి మెల్లగా రెండో పక్కకు పొర్లించి, డబ్బా మీద గోటితో తట్టాడు. కుక్కపిల్ల ఎగిరి నిలబడి, కుడివైపు తిరిగి, తిరుగుతూ పోయి, ఒక చుట్టు చుట్టి, ఆయన మొహం చూసి తోక ఆడించింది.

ఎవరిస్తో ఆ గడ్డిలో చాలాసేపు కూర్చున్నాడు. యాభై ఏళ్ళ బతుకులో తనలాంటివాణ్ణి చూడటం అదే మొదటిసారి.

ఎవరికీ చెప్పలేదు. ఒక చెవి గురించి కాగితంలో లేదన్నది ఒక సాకు. 'నీకెలా తెలిసింది?' అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నది అసలు భయం. పైగా ఆ కుక్క మీద ప్రేమ పుట్టింది. కుడివైపు నుంచే పిలిచేవాడు. పిలిచే ముందు చెయ్యి ఎత్తి, చెయ్యి చూడటం నేర్పాడు. తాను నలభై ఏళ్ళకు పైగా నేర్చిన దొంగ ఎత్తులన్నీ దానికి నేర్పాడు. పోటీల్లో జడ్జీ వెనకనుంచి చప్పట్లు కొడితే మరిస్కాల్ తల తిప్పేవాడు. ఎటు తిప్పాడన్నది ఎవరూ చూసేవాళ్ళు కారు. బ్యూనస్ ఐరిస్‌లో పెద్ద పతకం వచ్చింది. నాలుగేళ్ళలో వాడి పిల్లలు అరవై దాటాయి.

ఆ ఏడు జూలైలో, అక్కడది నడి శీతకాలం, మెక్సికో నుంచి ఒక పెద్దమనిషి మరిస్కాల్‌ను కొంటానని అడిగాడు. పతకాలు చాలవు, అడవిలో పందిని పట్టాడని ముగ్గురు వేటగాళ్ళ సంతకాలు కావాలన్నాడు. దోన్యా ఎర్సీలియా కోన్రాదోకి కబురు పెట్టింది. తిబూర్సియోకి మరిస్కాల్‌కి పుట్టిన ఆడ కుక్కపిల్లనొకదాన్ని ఇస్తానంది. వాడు సంబరపడిపోయాడు. వాడి పట్టే కుక్కల్లో ఒకటి కుట్లతో పడుంది, మిగిలింది చాతా అనే ముసలి గచ్చకాయ రంగు ఆడకుక్క, ఒంటినిండా పాత గాయాలతో. చాతాకు జత కావాలి. జతగా మరిస్కాల్ కుదిరాడు.

ముందురోజు సాయంత్రం కోన్రాదో కొట్టంలో ముగ్గురూ కూర్చున్నారు. మాతే తాగే బుర్ర చేతులు మారుతోంది. మరిస్కాల్ ఎవరిస్తో కాళ్ళ దగ్గర పడుకున్నాడు.

"బావా, నీ తెల్లోడు పెళ్ళికొడుకులా ఉన్నాడే," అన్నాడు తిబూర్సియో. "రేపు బురదంటితే అమ్మగారు మనల్ని సబ్బేసి ఉతుకుద్ది."

"నిన్ను ఉతకాల్సిందేరా, మీ అక్క ఎప్పట్నుంచో అంటోంది."

"అక్క అన్నీ అంటది. నువ్వు సగమే వింటావు."

ముగ్గురూ నవ్వారు.

కోన్రాదో నవ్వు ఆపి అడిగాడు. "అందం సంగతి వదిలెయ్యండి. పట్టాక వదలడు కదా?"

"వదలడు. ఆ దవడ చూడన్నా," అన్నాడు ఎవరిస్తో.

"చెవులు?"

అడిగిన తీరులో అనుమానం ఏమీ లేదు. గుర్రాన్ని కొనేవాడు నాడాలు చూసినట్టు అడిగాడంతే. ఎవరిస్తోకి సోయిలో పెట్టె బరువు భుజం మీద తగిలింది. 'ఒకటే ఉంది' అనాలి. అంటే ఎలా తెలుసంటారు. ఎలా తెలుసో చెబితే ఇదే కొట్టంలో, ఈ బల్ల మీదే తన కత్తి పెట్టేస్తారు.

"చెవులు బాగున్నాయి," అన్నాడు.

"డబ్బా బావ చెప్పాడంటే చర్చి గంట కొట్టినట్టే," అన్నాడు తిబూర్సియో.

పొద్దున మంచు గడ్డి మీద ఉప్పులా పేరుకుని ఉంది. బండి దిగాక ఎవరిస్తో ఒక ప్రయత్నం చేశాడు, సగం ప్రయత్నం. "మరిస్కాల్‌ను తాడుతోనే దగ్గరదాకా తీసుకుపోదాం అన్నా. పంది కనబడ్డాక వదులుదాం. అడవి కొత్త కదా వాడికి."

"పంది కనబడేదాకా ఆగితే పందికి మనం కనబడతాం," అన్నాడు కోన్రాదో. "తాడు ముళ్ళకి చుట్టుకుంటే కుక్కకి ఉరే. మొరుగుడు వినగానే వదులు."

తొమ్మిది గంటలకు మొరుగుడు వినిపించింది. కోన్రాదో అవతలి పక్క నుంచి చుట్టి రావడానికి వెళ్ళాడు. తిబూర్సియో చాతాను వదిలాడు, అది బాణంలా పోయింది. ఎవరిస్తో మరిస్కాల్‌ను వదిలాడు. మరిస్కాల్‌కి భయమన్నది లేదు. ఎంత బలంతో దూకాడంటే ఆయన అరచెయ్యి తాడుకు కోసుకుపోయింది. దూకి, పొదలోకి పోయి, కుడివైపు తిరిగాడు.

"అటెక్కడికిరా!" అని ఎవరిస్తో వాడి వెంట పరిగెత్తాడు.

"వాడే వస్తాడ్లే బావా, నేను పోతున్నా!" అన్నాడు తిబూర్సియో.

బావమరిది వీపు ముళ్ళ మధ్య ఒక్క క్షణం కనిపించి మాయమైంది. పదిహేనేళ్ళలో ఆ వీపు లేకుండా ఎవరిస్తో అడవిలో ఉండటం అదే మొదటిసారి.

తరవాత జరిగింది నేల మీది గుర్తులు చూసి కోన్రాదో చెప్పాడు. చాతా పందిని ఎడమ చెవి దగ్గర పట్టింది. తిబూర్సియో వచ్చి చూశాడు. ఒక్క కుక్కే ఉంది. ఆగాడు, పాదాల గుర్తులు ఒకే చోట లోతుగా దిగి ఉన్నాయి. పెద్ద పతకం కుక్క, డబ్బా బావ చెవులు బాగున్నాయన్న కుక్క, ఇంకో క్షణంలో రెండో చెవి పడుతుందని నమ్మాడు. చాతాకు పళ్ళు అరిగిపోయాయి, ఎక్కువసేపు పట్టు నిలపలేదు. ముసలిదాన్ని పంది చీల్చేస్తుందని వాడు వెనకనుంచి వెళ్ళాడు. పంది చాతాను ఇరుసు చేసుకుని తిరిగింది. కోర వాడి తొడ లోపలి పక్కన, పెద్ద నెత్తురునాళం ఉన్న చోట దిగింది.

ఎవరిస్తోకి కేక వినిపించింది. చాలా స్పష్టంగా వినిపించింది.

"బావా!"

కుడికి పరిగెత్తాడు. ముళ్ళు. ఆగాడు. మళ్ళీ "బావా, ఇటు!" అని. ఇటంటే ఎటు? కేక చెట్ల నుంచి, నేల నుంచి, తన పుర్రె లోపలి నుంచి వస్తోంది. ఇంకో పక్కకు పరిగెత్తాడు. చిన్న ఖాళీ జాగా వచ్చింది. అక్కడ మరిస్కాల్ ఉన్నాడు. ఒళ్ళంతా ముళ్ళు గీరి తెల్లటి బొచ్చు మీద ఎర్రటి గీతలు. తల ఎత్తి, కుడివైపు తిరుగుతూ, ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ, గడ్డి మీద మంచు కరిగేలా ఒక గుండ్రం తొక్కాడు. మనిషిని చూసి చెయ్యి కోసం చూశాడు, ఎటు పోవాలో ఆ చెయ్యి చూపిస్తుందని. ఎవరిస్తో చెయ్యి పైకి లేచింది. ఎటు చూపించాలో తెలియక గాలిలోనే ఉండిపోయింది.

"బావా" అని మూడోసారి వచ్చింది, మెల్లగా. తరవాత రాలేదు.

ముందు చేరింది కోన్రాదోనే. పందిని ఆయన పొడిచాడు. తిబూర్సియో తొడను నడుము పట్టీతో బిగించాడు, ఏం లాభం లేకపోయింది. ఎవరిస్తో చేరేసరికి వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. వాడు పడిన చోటికీ ఆ ఖాళీ జాగాకీ నడుమ దూరం అరవై అడుగులు. ఆ తరవాత చాలాసార్లు ఆయన దాన్ని కొలిచాడు.

మర్నాడు పొద్దున శవం దగ్గర ఊరంతా చేరింది. దోన్యా ఎర్సీలియా నల్ల శాలువా కప్పుకుని పూలదండతో వచ్చింది. దెల్ఫినా తమ్ముడి తల దగ్గర కూర్చుంది, ఎవరిస్తో పక్కన నిలబడ్డాడు, ఆమె ఎప్పటిలా ఆయన కుడివైపు.

కోన్రాదో గొంతు తగ్గించకుండా అన్నాడు. "ఆ తెల్లోడు పిరికిగొడ్డు. పందిని చూసి తప్పించుకుని తిరిగాడు. తుపాకీ తెచ్చాను. పాతిపెట్టడం అయ్యాక వాణ్ణి కాల్చేస్తా. అమ్మగారూ, మీరు అడ్డం రాకండి."

"పిరికిదేం కాదు, అలవాటు లేక తప్పిపోయింది," అంది ఆమె. "కుక్కనంటే ఏం లాభం?"

"పిరికిదే. లుసేరో, నువ్వే చెప్పు. వెంట ఉన్నోడివి."

ఊరుకుంటే సరిపోతుంది. తల ఊపితే సరిపోతుంది. కుక్క చచ్చిపోతుంది, సంగతి కుక్కతోనే మట్టిలోకి పోతుంది, రేపు వేటకు ఇద్దరే ఐనా తన కత్తి తన నడుముకే ఉంటుంది. ఎవరిస్తో బావమరిది చేతుల వంక చూశాడు. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

"పిరికిది కాదన్నా. దానికి ఎడమ చెవి లేదు. పుట్టినప్పట్నుంచీ లేదు."

"మొన్న సాయంత్రం బాగున్నాయన్నావుగా?"

"అబద్ధం చెప్పాను."

"నీకెలా తెలుసు ఎడమదే లేదని?"

"నాకూ లేదు కాబట్టి," అన్నాడు ఎవరిస్తో. "ఏడేళ్ళప్పట్నుంచి. వాడు పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. నేనూ ఆ కుక్కా ఇద్దరం తిరుగుతూ ఉన్నాం."

కోన్రాదో దగ్గరికి వచ్చి, ఎవరిస్తో నడుము నుంచి ఒరతో సహా కత్తి తీసి, కొవ్వొత్తుల పక్కన బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. కుక్కను కాల్చలేదు.

దోన్యా ఎర్సీలియా ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "ఈ సంగతి మెక్సికో వాళ్ళకి ఎవరైనా రాశారా?"

"లేదమ్మా."

"కాగితంలో చెవిటి కుక్క పనికిరాదని ఉంది. ఇది చెవిటిది కాదు కదా. వింటుంది."

"వింటుందమ్మా."

"మరింకేం."

పక్క జిల్లాలో ఎవరో ముగ్గురు సంతకాలు పెట్టారు. ఆగస్టులో మరిస్కాల్ కొత్త చెక్క పెట్టెలో విమానమెక్కాడు. ఎవరిస్తో చివరిసారి కుడివైపు నుంచి పిలిస్తే వచ్చి చెయ్యి నాకాడు. ఆ నెలలోనే ఎవరిస్తో దొడ్డిలో మిగిలిన వాడి పిల్లల్ని ఒక్కోదాన్నీ విడిగా, ఒక పక్క పడుకోబెట్టి, తరవాత రెండో పక్క పడుకోబెట్టి పరీక్షించాడు. పదకొండింటిలో నాలుగింటికి ఒకటే చెవి. ఆ నాలుగింటి పేర్లు చెప్పబోతే దోన్యా ఎర్సీలియా, "నిన్ను డబ్బా కొట్టమన్నాను గానీ వైద్యం చెయ్యమన్లేదు," అంది. వారం తిరక్కుండా ఆ డబ్బా వేరొకరి చేతికి పోయింది. ఆ నాలుగూ ఎక్కడెక్కడికో అమ్ముడుపోయాయి. అవి పోయిన చోట్లా పందులున్నాయి, కేకలేసే మనుషులున్నారు.

ఇప్పుడాయన సారాకొట్టు బెంచీ మీద, సోయిలో కూర్చున్న చోటే కూర్చుంటాడు. ఎవరూ టాంగో అనరు. వెనకనుంచి ఆయన్ని పిలిచేవాళ్ళూ లేరు.

దెల్ఫినా ఇల్లు విడిచిపోలేదు. తిట్టలేదు. తమ్ముణ్ణి పాతిపెట్టి వచ్చిన రోజు మధ్యాహ్నం వంట చేసింది, రెండు పళ్ళాలు పెట్టింది, తన కుర్చీ ఎత్తుకొచ్చి ఆయనకు ఎడమపక్కన వేసుకుంది. బండిలోనూ అంతే, చర్చిలోనూ అంతే. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఆ పక్కకే వచ్చింది. ఆమె ఇప్పుడు ఎక్కువ మాట్లాడుతుంది, మునుపటి కంటే చాలా ఎక్కువ, చాలా మెల్లగా. పెదవులు కదలడం ఆయనకు ఓరకంట కనిపిస్తుంది. ఏదో అంటోందని తెలుస్తుంది. ఏమంటోందో తెలియదు. తల తిప్పి కుడి చెవి అటు పెడితే వినబడుతుంది.

ఆయన తిప్పడు. సూపులో చెంచా ముంచి, తింటూ ఉంటాడు.